ఇరవైకి ఐదు

"ఐదొచ్చాయే! మొన్నటిదాకా వేలే ఎత్తని మనిషి!" అంటూ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పక్షవాతంతో నాన్నకు మాట పోయింది. కనీసం మనం చెప్పేదైనా అర్థమవుతోందా లేదా అన్నదే అమ్మ బెంగ. అందుకే ఈ పరీక్ష. థెరపిస్టు ఒక మాట అంటుంది. అట్ట మీద రెండు వరుసల్లో నాలుగు బొమ్మలుంటాయి. ఆ మాటకు సరిపోయే బొమ్మను నాన్న ఎడమచేతి వేలితో చూపించాలి. అలాంటి అట్టలు ఇరవై.

నేను మాత్రం లెక్క వేశాను. నాలుగింట్లో ఒకటి కళ్లు మూసుకుని చూపించినా ఇరవైకి సగటున ఐదొస్తాయి. ఆ లెక్క నాకు నేర్పింది నాన్నే. ఎంట్రన్సు కోచింగులో ముప్ఫై ఏళ్లు గొంతు చించుకున్న మనిషి. "రాదా? దిక్కులు చూడకు. తప్పుకి మార్కు కోయని పరీక్షలో ఖాళీ వదిలేవాడంత దద్దమ్మ ఇంకోడు లేడు. అన్నిటికీ 'బి' పెట్టేసి రా, పావు వంతు ఎక్కడికీ పోదు" అనేవాడు. వెనకాల పిల్లలు ఆయన్ని 'బి మాస్టారు' అనేవాళ్లు.

అమ్మ సంబరం నమ్మబుద్ధి కాక మర్నాడు నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

"గొడుగు" అంది థెరపిస్టు. నాన్న వేలు పై వరుసలో కుడివైపు బొమ్మ మీద ఆగింది. "చెంచా." మళ్లీ అక్కడే. "తాళం." అక్కడే. ఏ అట్ట తీసినా పై వరుసలో రెండోదే. బి.

మాట ఒక్కటీ ఆయనకు అందడం లేదు. ఇది పరీక్ష అని మాత్రం తెలుసు. తనకేమీ రావడం లేదని తెలుసు. ఎదురుగా అమ్మ ఆశగా చూస్తోందనీ తెలిసే ఉంటుంది. అందుకే ఒక్కటీ ఖాళీ వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఈసారి ఆరు" అంది థెరపిస్టు.

"చూశావా, పెరుగుతోంది! ఏడుస్తావేంటే పిచ్చిమొహమా? లెక్కలు తెలిసినదానివి, నువ్వే చెప్పు, మంచిదేగా?"

"మంచిదేనమ్మా."

అమ్మ ఆయన ముందుకు వంగింది. "ఏమండీ, నేనెవర్ని?"

నాన్న ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఒళ్లో మిగిలిన అట్ట మీద పై వరుసలో కుడివైపు బొమ్మ చూపించాడు. అది బకెట్టు.

"ఈ ఎకసెక్కాలు మాత్రం పోలేదు మీకు" అంటూ అమ్మ పకపకా నవ్వేసింది.

ఆమె నవ్వు చూసి నాన్న కూడా వంకరపోయిన మూతితోనే నవ్వాడు. జవాబు సరిపోయిందనుకున్నాడు.