పొగగొట్టంలో వాటా

మొదట బిక్షం చేతిలో ఉన్నవి మూడు: మూతబడ్డ పాల ఫ్యాక్టరీలో కొన్న స్టీలు గొట్టాల డబ్బా, ఒక థర్మామీటరు, ఆస్పత్రి మేనేజరు లీలాకుమారి ఇచ్చిన నెల గడువు.

పద్మారావు నగర్‌లోని ఆ ఆస్పత్రి నాలుగంతస్తులకూ వేణ్ణీళ్లు మేడమీది గ్యాస్ బాయిలరే ఇస్తుంది. దాని పొగగొట్టంలోంచి రెండువందల డిగ్రీల వేడి ఆకాశం పాలవుతోంది. పొగ దారిలో డబ్బా పెట్టి, బాయిలర్‌కు పోయే చన్నీళ్లను ముందే కాస్త వేడెక్కిస్తే నెలకు నలభై సిలిండర్లు ముప్పయ్యారుకు దిగుతాయని బిక్షం లెక్క. దిగితే నేరేడ్‌మెట్‌లోని వాళ్ల రెండో ఆస్పత్రి పనీ అతనిదే. దిగకపోతే డబ్బా తిరిగి బోయిగూడలోని తన పాత ఇనుము దుకాణానికే.

డబ్బా పెట్టిన పది రోజులకే పదమూడు సిలిండర్లు ఖాళీ. మునుపటి ఖర్చే! బిక్షం కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కి దిగాడు. పొగగొట్టం చల్లబడింది, డబ్బాలోంచి వచ్చే నీళ్లు వేడిగానే ఉన్నాయి. మరి గ్యాసు ఏ గంగలో కలుస్తోంది?

పదకొండో రోజు మేడమీది బాయిలర్ గదిలోనే కూర్చున్నాడు. బయట వాన. మధ్యాహ్నం రెండింటికి బాయిలర్ భగ్గుమంది. పక్కనే దుప్పట్లు ఉతికే పుష్పమ్మ, తడి బట్టల మూటతో.

"ఇప్పుడెవలు స్నానం చేస్తున్నరు పుష్పమ్మా?"

"స్నానాలు గాదన్నా, దుప్పట్లు. పదకొండేండ్ల సంది వానకాలమంతా ఈ గొట్టం సుట్టే ఆరేస్తున్న. నీ డబ్బా వచ్చినంక గొట్టం సల్లగైంది. అందుకే జెర రెండు గంటలు ఎక్కువ మండిస్తున్న."

"నన్నొక్కమాట అడగొద్దా?"

"డబ్బా పెట్టేటప్పుడు నువ్వు నన్నడిగినవా?"

ఊరికే పోతోందని బిక్షం అనుకున్న వేడికి ఇక్కడో వాటాదారు ఉంది. తన లెక్కలో ఆమె లేదు.

సాయంత్రానికల్లా దుకాణంలోంచి ఓ పాత కూలర్ మోసుకొచ్చాడు. డబ్బా దాటాక కూడా గొట్టం తొంభై డిగ్రీలుంది. దాని చుట్టూ రేకు చుట్టి, ఆ సందులోంచి కూలర్ ఫ్యాన్‌తో దుప్పట్ల మీదికి వేడి గాలి కొట్టించాడు.

"కూలర్‌తోని బట్టలారబెట్టుడేందన్నా! ఎండకాలం హీటర్ పెట్టుకుంటవా?" పుష్పమ్మ పకపకా నవ్వింది. మర్నాడు దుప్పట్లు ఫెళఫెళలాడేసరికి, "ఇగ బాయిలర్ జోలికి పోను, పో" అంది.

ఈలోగా పద్నాలుగోదీ అయిపోయింది; మిగిలినవి పంతొమ్మిది రోజులు, ఇరవై రెండు సిలిండర్లు. బిక్షం రోజూ వచ్చి సిలిండర్లను ఊపి చూశాడు. చివరి సాయంత్రం ముప్పయ్యారోది దూదిలా తేలిపోతోంది.

"ఏమండీ బిక్షం గారూ, ఇంకోటి పెట్టించేయమంటారా?" లీలాకుమారి అడిగింది.

"ఎనిమిదింటికి గద మేడం గడువు? జెర ఆగుండ్రి."

ఎనిమిది కొట్టింది. మంట ఇంకా నీలంగానే ఉంది.

చివరికి తేలింది ఇదీ: నాలుగు సిలిండర్లు మిగిలాయి, దుప్పట్లు ఆరాయి, నేరేడ్‌మెట్ పని దక్కింది, పాత కూలర్ మాత్రం పుష్పమ్మకే పోయింది. గొట్టం కొసన ఇంకా అరవై డిగ్రీలు బయటికి పోతున్నాయి. అవి ఎవరివో ముందు కనుక్కోవాలి.