పదకొండు దాటాక వేసిన తాళం

విచారణ ఆఫీసర్లు రాకముందే తాళం మాయమైంది.

దోర్కా కళ్ళారా చూసింది. అప్పుడే తెల్లారింది. రాత్‌రాణీ బార్ వెనక గోడ ఇంకా సన్నగా పొగలు కక్కుతోంది. ఫైరింజన్ వాళ్ళు ముందు షట్టర్ పగలగొట్టి, అటునుంచే మూడు శవాలను బయటికి తెచ్చారు. వెనక పెరట్లోకి ఇంకా ఎవరూ తొంగి చూడలేదు. మేనేజర్ విల్‌ఫ్రెడ్ చేతికి తడిగుడ్డ చుట్టుకుని వచ్చాడు. మాడిన తలుపు దగ్గర వంగి, తాళం తీసి, గుడ్డలో చుట్టి సంచిలో పడేసుకున్నాడు.

తలెత్తేసరికి కుళాయి దగ్గర కూలబడి ఉన్న దోర్కా కనిపించింది. ఆమె అంట్లు తోమే మనిషి. ఆరేళ్ళుగా ఆ పెరడే ఆమె పని చోటు.

"పిన్నీ," అన్నాడు మెల్లిగా. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళు. "నువ్వు ఏటీ సూడ్నేదు. ఇన్నావా? రేపు మళ్ళీ బార్ తెరిస్తే నీ పని నీదే. నోరు జారినావంటే ఈ రోడ్డు మీద ఏ బార్లోనూ నీకు పని దొరకదు."

దోర్కా అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్నే అతను సంతకం అనుకున్నాడు.

ఇండస్ట్రియల్ పార్క్‌కి పోయే రోడ్డు మీద అలాంటి బార్లు ఎనిమిది. లైసెన్సు రాత్రి పదకొండు వరకే. పదకొండు కొట్టగానే బోర్డు మీద లైట్లు ఆర్పేవారు, ముందు షట్టర్ మోకాలి ఎత్తుకు దించేవారు, వెనక తలుపుకు బయటనుంచి తాళం వేసేవారు. లోపల పాట మాత్రం ఆగేది కాదు. షిఫ్టు దిగినవాళ్ళు, కంట్రాక్టర్లు రెండింటిదాకా తాగేవారు. వెలుతురు బయటికి పొక్కకూడదు, మనుషులు బయట కనిపించకూడదు. రాత్‌రాణీకి మూడేళ్ళుగా ఫైర్ సర్టిఫికెట్టు లేదు. అయినా గోడ మీద లైసెన్సు మాత్రం అద్దంలో మెరుస్తూ ఉండేది.

ఆ రాత్రి వంటగది కప్పు కింద వైరు అంటుకుంది. తాగేవాళ్ళు షట్టర్ కిందనుంచి పాక్కుంటూ బయటపడ్డారు. వంటగదివైపు ఉన్న ముగ్గురికి ముందువైపు మంటలు అడ్డుపడ్డాయి, వెనక తలుపొక్కటే దారి. పాటలు పాడే షైని, వంటమాస్టర్ నూకయ్య, వెయిటర్ సిరిల్ అక్కడే పోయారు.

నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. వెనక తలుపు తెరిచే ఉందట. సిబ్బందే కంగారుపడి దారి తప్పారట. చచ్చినవాళ్ళదే తప్పన్నమాట!

అప్పటినుంచి దోర్కా తన ఇంటి తలుపు వెయ్యడం మానేసింది. వేస్తే చాలు, అవతలినుంచి పిడికిళ్ళతో బాదుతున్న చప్పుడు మొదలయ్యేది. గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకునేది. చర్చిలో పాట ఎత్తుకుంటే, ఆడగొంతులన్నిటి వెనకా ఇంకొక గొంతు ఉన్నట్టుండేది. ఆ గొంతు దగ్గేది. దోర్కా లేచి బయటికి వచ్చేసేది. దారిలో షైని తల్లి స్వర్ణకుమారి ఎదురైతే తల దించుకుని పక్క సందులోకి తిరిగేది. పళ్ళెంలో అన్నం పెట్టుకుంటే తన కుడిచెయ్యి తనది కానట్టు, ఎవరో అందులో చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు ఉండేది. స్పూనుతో తినడం అలవాటు చేసుకుంది.

రెండో నెలలో, కొత్తగా సున్నం కొట్టిన బార్ గోడ మీద నోటీసు అంటించారు. కొత్త పేరు, పాత యజమాని. లైసెన్సుకు అభ్యంతరాలుంటే ఫలానా తేదీన ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చునని.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన తీతు తాత ఆ కాగితం చదివి, ఆదివారం తన వాకిట్లోకి అందరినీ పిలిచాడు. జీవితంలో సగం యూనియన్‌లోనే గడిపిన మనిషి. అరవైమంది వచ్చారు.

రాత్‌రాణీలో వెయిటరుగా చేసిన గిరిబాబు ముందే లేచాడు. "బార్ తెరుసుకుంటే మనకేటి కట్టం తాతా? రెండు నెల్లుగా పన్లేదు. నా పిల్లలేటి తింటారు?"

"అసలు బార్లే వొద్దు!" అంది గంగాభవాని. ఆమె మొగుడు ఆ రోడ్డు మీద తాగే రకం. "అన్నీ మూయించండి!"

"మూయిస్తే మేమెక్కడికి పోవాల దీదీ?" పక్క బార్లో వడ్డించే మౌనిక గొంతు పెంచింది. "మా బార్లో కూడా పదకొండు దాటితే వెనక తాళమే. ఎనిమిదింట్లోనూ అంతే. రేపు మేం సస్తే కూడా దారి తప్పినామనే రాస్తారు."

తీతు తాత చెయ్యెత్తాడు. "ఇనండర్రా. మన కొట్లాట సారా మీద కాదు. మనల్ని లోపలెట్టి తాళమేసేవాడి మీద. రైల్లో గార్డు లేకపోతే బండి కదల్దు. తలుపు తీసి లేకపోతే బార్ కూడా నడవకూడదు. కానీ తాళం ఉందని సెప్పేవోళ్ళెవరు? సాచ్చికం ఏదీ?"

దోర్కా గోడ పట్టుకుని లేచింది.

"నాను సూసినాను." అందరివైపూ కాదు, స్వర్ణకుమారివైపే చూస్తూ చెప్పింది. "తాళం ఉండింది. విల్‌ఫ్రెడ్ పొద్దున్నే తీసుకుపోనాడు. నాను బయటున్నాను అక్కా. బండరాయెట్టి తాళం కొట్టినాను. ఊడ్నేదు. అంట్లందించే కిటికీ ఉంది సూడు, ఆ ఊచల్లోంచి మీ షైని సెయ్యి బయటికెట్టింది. పట్టుకున్నాను."

"ఏటన్నాది?" అంది స్వర్ణకుమారి.

"పిన్నీ వొదలకు అన్నాది."

"ఎంతసేపు పట్టుకున్నావు?"

"ఆ సెయ్యి వొదిలేసేదాకా."

స్వర్ణకుమారి ఏడవలేదు. దగ్గరికి వచ్చి దోర్కా చెంప ఛెళ్ళుమనిపించింది. "రెండు నెల్లు! రెండు నెల్లు నా గుంట దారి తప్పి సచ్చిందని ఊరంతా అంటంటే నువ్వు ఇన్నావు!" తర్వాత అదే చేత్తో దోర్కా కుడిచేతిని లాక్కుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "ఇదే సెప్పాల. ఆపీసర్ ముందు ఇదే సెప్పాల. నీ పక్కన నానుంటాను."

నోటీసులో చెప్పిన రోజున నలభైమంది లైసెన్సు ఆఫీసు మెట్లెక్కారు. ఒక్కరే రావాలన్నాడు బంట్రోతు. ఎవరూ ఆగలేదు. లోపల యజమాని, అతని వకీలు, విల్‌ఫ్రెడ్ కుర్చీల్లో ఉన్నారు. దోర్కా నిలబడి అంతా చెప్పింది. ఆఫీసర్ పెన్ను కదల్లేదు.

"ఠీక్ హై. తాళం ఏదీ? వేసినట్టు రుజువేదీ? అంట్లు తోమే మనిషి, పని పోయిందన్న కోపంతో చెబుతోందని వీళ్ళంటున్నారు."

వెనక వరసలో గిరిబాబు నిలబడ్డాడు. వాకిట్లో బార్ తెరవాలన్నవాడు.

"సార్, తాళం ఏసినోణ్ణి నానే."

విల్‌ఫ్రెడ్ గిర్రున తిరిగాడు.

"పదకొండు కొట్టగానే ఈ మేనేజర్ బాబే తాళమిచ్చీవోడు. రోజూ నానే ఏసీవోణ్ణి. ఏసి, తాళంసెవి ఈయన సేతికే ఇచ్చీవోణ్ణి. ఆ రాత్రి కూడా ఏసినాను. సిరిల్ నాకు తోడుపెళ్ళికొడుకు సార్. నా సేత్తోనే ఏసినాను. ఏయమన్నోళ్ళు ఈ కుర్చీల్లో కూసున్నారు. రాసుకోండి!"

ఈసారి రాసుకున్నారు. లైసెన్సు వాయిదా పడింది. కానీ మెట్లు దిగేసరికి పోలీసు జీపు సిద్ధంగా ఉంది. నేరం ఒప్పుకున్నాడు గనక గిరిబాబును ఎక్కించారు. తాళం ఇచ్చినవాడూ, ఇప్పించినవాడూ కారెక్కి వెళ్ళిపోయారు.

జీపు కదిలిపోయింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మౌనిక అంది: "సాయంత్రం నాను డ్యూటీకెల్తాను. కానీ లోపలికెల్లను."

ఆ సాయంత్రం మూతపడ్డ రాత్‌రాణీతో కలిపి ఎనిమిది బార్ల ముందూ ఎనిమిది గుంపులు. వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, పాడేవాళ్ళు, బయట కాపలా కాసే బెంగాలీ, ఒడియా కుర్రవాళ్ళు. వాళ్ళు అడిగినవి మూడు. రెండు తలుపులూ తెరిచి కళ్ళెదుట చూపించాలి. ఫైర్ సర్టిఫికెట్టు గోడకు అంటించాలి. తాళం వెయ్యమన్నవాణ్ణి అరెస్టు చెయ్యాలి. అప్పటిదాకా ఒక్క గ్లాసు కదలదు. తాగడానికొచ్చిన ఫ్యాక్టరీ కార్మికులు మొదట విసుక్కున్నారు. మౌనిక వాళ్ళకు అడ్డం వెళ్ళింది. "దాదా, మీ షెడ్డులో వెనక గేటు రాత్రిపూట తీసుంటాదా?" అని అడిగింది. ఒకడు సైకిల్ స్టాండు వేసి ఆమె పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఇంకొకడు.

చీకటి పడేవేళకు పోలీసు వ్యాను వచ్చింది. దారికి అడ్డం నిలిచారని పద్దెనిమిదిమందిని ఎక్కించారు. దోర్కాను ఎక్కించారు. తీతు తాతను ఎక్కించారు. జీవితంలో బార్ గడప తొక్కని స్వర్ణకుమారి ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చుంది. వ్యాను నిండింది. కింద ఇంకా వందమంది ఉన్నారు.

"మీరంతా ఇళ్ళకు పొండి!" అరిచాడు ఇన్‌స్పెక్టర్.

వ్యాను కదిలింది. ఇనప జాలీలోంచి దోర్కా వెనక్కి చూసింది. మౌనిక చెప్పులు సరిచేసుకుని వ్యాను వెనక నడవడం మొదలెట్టింది. ఆమె వెనక వంటవాళ్ళు, వాళ్ళ వెనక సైకిళ్ళు తోసుకుంటూ ఫ్యాక్టరీ వాళ్ళు. గంగాభవాని కూడా కొంగు దోపుకుని రోడ్డెక్కింది. పోలీసు థానా ఆరు కిలోమీటర్లు. దారిపొడుగునా టోటోలనే బ్యాటరీ రిక్షాలవాళ్ళు ఆపి ఎక్కమన్నారు.

ఒక్కరూ ఎక్కలేదు. టోటోలే జనం వెనక వరస కట్టాయి.