దూలాలు చేరిన ఉదయం

అపొండి, సెమాకులా కిసుము నగరంలో ఒకే ఆఫీసులో నాలుగేళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. ఆమె భవనాలు గీసేది. అవి నిలబడేలా దూలాలు, స్తంభాలు అతను చూసేవాడు. ఇద్దరి సాఫ్ట్‌వేర్లూ వేరు. ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరిస్తే ఏదో ఒకటి మాయమయ్యేది. ఒకసారి బడి డ్రాయింగులో మెట్ల కింది దూలమే పోయింది. సరిచూడకుండా అపొండి దాన్ని మేస్త్రీలకు పంపేసింది. కట్టిన మెట్లు బీటలు వారితే కూలగొట్టాల్సి వచ్చింది. "ఆ దూలం గీయడం నేనే మర్చిపోయాను" అని సంతకం పెట్టి, సెమాకులా తన ఊరు కంపాలాకు వెళ్లిపోయాడు. ఆమె నోరు మెదపలేదు.

ఆరేళ్లకు సరస్సు ఒడ్డున కాన్పుల ఆసుపత్రి పని వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఉమ్మడి పద్ధతిలోనే ఫైళ్లు ఇవ్వాలని ఆసుపత్రి వాళ్లు అన్నారు. ఇంజనీరుగా ఎవరు కావాలంటే అపొండి ఒక్క పేరే చెప్పింది.

కంపాలా నుంచి సెమాకులా ఫైలు ఒక ఉదయం వచ్చింది. అపొండి తెరిచింది. ఏదీ పోలేదు. ఆమె గోడల మీద అతని దూలాలు కుదురుగా కూర్చున్నాయి. ఏ దూలాన్ని నొక్కినా పక్కన అతని పేరు. ఆమె నొక్కుతూనే ఉంది.

"దూలాల్ని చూసి ఏడ్చేవాళ్లుంటారా అక్కా? అంత బరువా అవి?" అన్నాడు పక్క బల్ల కుర్రాడు ఒకుము.

"నీ పని చూసుకోరా."

ఫైల్లో కాన్పు గది కిటికీ దగ్గర సెమాకులా రాశాడు: "కిటికీ తగ్గించొద్దు. పడుకున్న మనిషికి సరస్సు కనబడాలి. దూలాన్నే పైకి జరిపాను."

ఆమె ఫోన్ చేసింది. "ఆ మెట్ల తప్పు నాది."

"తెలుసు."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావ్?"

"నీ ఉద్యోగం పోయేది. నువ్వే ఫోన్ చేస్తావని ఏడాది ఎదురుచూశా అపొండీ. తర్వాత పెళ్లి చేసుకున్నా. ఒక పాప."

ఆసుపత్రికి స్లాబు వేసే రోజున అతను వచ్చాడు. ఇటుకల మీద కూర్చుని చేప, ఉగాలి అనే మొక్కజొన్న సంకటి తిన్నారు. మాటలన్నీ ఇనుము గురించే. బస్సెక్కుతూ అన్నాడు, "ఇంకేదైనా పనుంటే పంపు. ఇప్పుడు ఫైల్లో ఏదీ పోదుగా."

వారం తిరక్కుండా అపొండి ఒక చిన్న వరండా డ్రాయింగు పంపింది. నిజానికి దానికి ఇంజనీరు అక్కర్లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. రెండు దూలాలు పెట్టి తిరిగి పంపాడు.