గంగక్క ఎంచిన బోటు

కదిరప్ప బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి గంగక్క పెరట్లో బండ దగ్గర కూర్చుని జిలేబి చేపల పొలుసు గీకుతూ ఉంది. అతనికి హోసూరు పక్కన మూకండపల్లిలో ఫ్యాక్టరీ పని. వారమంతా అక్కడే గదిలో ఉండి, శనివారం సాయంత్రం కృష్ణగిరి డ్యాము ఒడ్డునున్న ఈ ఊరికి వస్తాడు. చెప్పులు విడుస్తూనే, "రేపు బోటు చూసేదానికి పోతాము. అమ్మా, పాపా అందరూ వస్తారు. నువ్వు చిత్రాన్నం కట్టు" అన్నాడు.

గంగక్క చేతిలోని చేపను తిరగేసి రెండో వైపు గీకింది. బోటు మాట ఆ ఇంట్లో ఏడాదిగా నలుగుతున్నదే. దానికి డబ్బు ఇద్దరూ కూడబెట్టినదే. అయినా "నువ్వూ వచ్చి చూడు" అన్న మాట అతని నోట రాలేదు. చిత్రాన్నం మాత్రం వచ్చింది.

ఎనిమిదేళ్ళుగా ఆ నీళ్ళమీద తిరుగుతున్నది ఆమె. సాయంత్రం పుట్టిలో పోయి వల వేసి రావాలి, తెల్లవారకముందే పోయి ఎత్తుకు రావాలి. ఒక్క తెడ్డుతో ఆ గుండ్రటి పుట్టిని తిన్నగా నడపడానికి భుజాలు గుంజుకుపోతాయి. వచ్చిన చేపను వేరుచేసి, గంప నెత్తికెత్తుకుని కృష్ణగిరి సంతకు పోతే, కండక్టరు ముక్కు మూసుకుని "వెనక్కి పో, వెనక్కి పో" అంటాడు. తిరిగి వచ్చి మేకలకు ఆకు వేసి, అత్త పాపక్క మోకాళ్ళకు నూనె రాసి, చిరిగిన వల ముందేసుకుంటుంది. రెండేళ్ళ కిందట జనాభా లెక్కలకు స్కూలు అయ్యవారు వచ్చి ఆమె ఏం పని చేస్తుందని అడిగితే, "పనేమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు కదిరప్ప. అప్పుడు కూడా ఆమె ఒళ్ళో వల ఉంది, పళ్ళ మధ్య దారం ఉంది. అయ్యవారు వలను చూశాడు, కదిరప్ప ముఖం చూశాడు, చెప్పింది చెప్పినట్టు రాసుకుని పోయాడు. కదిరప్ప చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యెత్తడు, మేనమామ వరసని చిన్నప్పటి నుంచీ ముద్దుగానే చూసుకున్నవాడు. అతనికి నిజంగానే అది పనిగా కనబడలేదు. కావాలని అని ఉంటే పోట్లాడేది. కనబడనిదాని గురించి ఏమని పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పదిగంటలకు నలుగురూ తిమ్మరాజు షెడ్డుకు పోయారు. సముద్రం పక్క ఊళ్ళ నుంచి పాత బోట్లు తెచ్చి, బాగుచేసి, డ్యాములో చేపలు పట్టేవాళ్ళకు అమ్ముతాడతను. షెడ్డులో రెండు బోట్లు ఉన్నాయి. ఒకటి నీలం రంగుది. సన్నంగా, పొడుగ్గా, ముక్కు ఎత్తి, వెనక పెద్ద మోటారు తగిలించుకుని ఉంది. ఇంకొకటి బూడిద రంగుది. వెడల్పుగా, అడుగు చదునుగా, అంచులు పొట్టిగా ఉండి, మోటారు కూడా చిన్నది. కదిరప్ప నేరుగా నీలంబోటు దగ్గరికి పోయి దాని పక్కలు నిమిరాడు.

"మా ఫ్యాక్టరీవాళ్ళు వచ్చినారంటే దీన్ని చూసి నోరు తెరవాల" అన్నాడు.

"ఎగిరిపోతాదప్పా ఇది" అన్నాడు తిమ్మరాజు. "అరగంటలో డ్యాము ఈ కొస నుంచి ఆ కొసకు."

గంగక్క టిఫిన్ క్యారియరు కింద పెట్టి బోటు అడుగు వంగి చూసింది. "అన్నా, ఇది తేలేదానికి ఎంత నీళ్ళు ఉండాల?"

తిమ్మరాజు కదిరప్పను చూస్తూ జవాబిచ్చాడు. "నడుముకు కొంచెం తక్కువ. మోటారు రెక్క కిందికి ఉంటాది కదప్పా."

"ఎండాకాలంలో మా మూలల్లో మోకాలిలోతే ఉంటాది. నేను వల వేసేది ఆడనే."

"ఏమే, ఆదివారం అందరూ తిరిగేదానికి కదా కొంటాండేది" అన్నాడు కదిరప్ప కాస్త విసుగ్గా.

"మిగతా ఆరు దినాలు బోటు ఏం చేస్తాది మామా?"

తిమ్మరాజు మొదటిసారి ఆమె వైపు తిరిగి చూశాడు. "రెండూ నీళ్ళలో దించుతాను, ఎక్కి చూడండి" అన్నాడు.

ముందు నీలంబోటు. అంచు ఎత్తుగా ఉండడంతో పాపక్కను ఇద్దరు పట్టుకుని ఎత్తి కూర్చోబెట్టవలసి వచ్చింది. తిమ్మరాజు మోటారు వేగం పెంచగానే ముక్కు ఆకాశంలోకి లేచింది. పదేళ్ళ కూతురు మునిలక్ష్మి కేకలేసి నవ్వింది. కదిరప్ప ముఖం వెలిగిపోయింది. పాపక్క రెండు చేతులా పలకను పట్టుకుని, తడిసిన కొంగుతో, కళ్ళు మూసుకుని ఏదో దేవుడిని పిలుచుకుంటోంది. కొంతదూరం పోయాక గంగక్క ఆపమంది. షెడ్డులోంచి తెచ్చుకున్న పాతవలను, రాళ్ళు కట్టి ఉన్నదాన్ని, నీళ్ళలోకి జారవిడిచి, రోజూ చేసే విధంగానే పక్కకు వంగి గుంజడం మొదలుపెట్టింది. ఆమెతోపాటు బోటూ వంగింది. నీళ్ళు అంచుదాకా వచ్చి లోపలికి తొంగిచూశాయి.

"చాల్లే, చాల్లే, కూర్చో" అన్నాడు కదిరప్ప కూతురిని దగ్గరికి లాక్కుంటూ.

బూడిదరంగు బోటులోకి పాపక్క తానే కాలు పెట్టి ఎక్కింది. అది ఎగరలేదు. చిన్నమోటారు గురగురమంటూ నీళ్ళను చీల్చుకుని నిదానంగా పోయింది. గంగక్క అంచు దగ్గర నిలబడి అదే వలను గుంజింది. బోటు ఇంత ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. పాదాల కింద చదునైన చెక్క ఆమెకు ఇంటి అరుగులాగా అనిపించింది. ఎన్నేళ్ళుగా పుట్టిలో మోకాళ్ళమీద ముడుచుకుని చేసిన పని ఇట్లా నిలబడి చేయవచ్చునన్న సంగతి నడుముకు ముందు తెలిసింది, తర్వాత ఆమెకు తెలిసింది.

ఒడ్డుకు వచ్చాక కదిరప్ప మళ్ళీ నీలంబోటు వైపే చూస్తున్నాడు. పాపక్క వక్కాకు నములుతూ అంది, "కదిరా, దాంట్లో నా ప్రాణం నా చేతిలో లేదు. దీంట్లో కూర్చోని ఆకు మడుచుకొని నోట్లో పెట్టుకున్నాను, తెలిసిందా? అయినా నన్ను, నిన్ను అడిగితే ఏమొస్తాదిరా? దినమూ నీళ్ళలోకి పొయ్యేది అది. దాన్ని అడుగు."

గంగక్క అత్తను తేరిపార చూసింది. మొదట్లో "ఆడదానికి నీళ్ళమీద తిరుగుళ్ళేమి" అని వీధిలో నిలబడి అరిచింది ఈ మనిషే. తెల్లవారుజామున పుట్టి వచ్చేదాకా వాకిట్లో కూర్చుని ఉండేదీ ఈ మనిషే. ఆ ఎదురుచూపు నిఘా అనుకుందే గాని, ఇన్నాళ్ళూ అందులో భయం ఉందని గంగక్కకు తోచలేదు.

కదిరప్ప మెడ రుద్దుకున్నాడు. ఎటో చూస్తూ, "నీకు ఏది కావాల?" అన్నాడు.

"బూడిదది. నీళ్ళు తక్కువైతే మోటారు పైకెత్తేదానికి వీలుండాల." మోటారు తాడు పట్టి చూసి, "నడిపేది ఇప్పుడే నేర్చుకొని పోతాను" అంది.

"నువ్వా?"

"నువ్వు శనివారందాకా రావు కదా మామా."

కదిరప్పకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. తిమ్మరాజు ఈసారి ఆమెకే చెప్పాడు. ముందు పెట్రోలుతో రాజెయ్యాలి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. పిడిని ఎడమకు నెడితే బోటు కుడికి తిరుగుతుంది. తాడు రెండుసార్లు గుంజితే మోటారు దగ్గి ఊరుకుంది. మూడోసారి ఆమె కాలు అడుగుచెక్కకు తన్నిపెట్టి గుంజింది. అది అందుకుంది. ఆ అదురు అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. తర్వాత కదిరప్ప ప్రయత్నించి నేరుగా జమ్ములోకి పోనిచ్చాడు. మునిలక్ష్మికి నవ్వు ఆగక చిత్రాన్నం పొలమారింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. బూడిదబోటు వచ్చాక మూడుగంటల పని గంటలో అయిపోతుండడంతో గంగక్క వెలుతురు వచ్చేదాకా పడుకోవడం అలవాటు చేసుకుంది. నీళ్ళు నిండాక ఒక ఆదివారం అందరూ బోటులో తిరిగిరావాలని అనుకున్నారు. బయలుదేరుతుంటే కదిరప్ప, "వల గూడా వేసుకో. ఎట్లాగూ పోతాండాం కదా, నాలుగు చేపలు పడితే వచ్చినాక వేయిస్తువు" అన్నాడు.

గంగక్క దండెం మీది వలను చూసింది. దాన్ని అక్కడే ఉంచి వచ్చి, మోటారు పక్కన కూర్చుని తాడు గుంజింది. అతను ఏదో అనబోయాడు గాని, మోటారు చప్పుడులో మాట కలిసిపోయింది.

డ్యాము నడిమధ్యకు వచ్చాక ఆమె మోటారు ఆపేసింది. బోటు కాసేపు ముందుకు జారి నిలిచింది. చుట్టూ కొండలు, వాటి నీడలు, పాపక్క వక్కాకు వాసన, నీళ్ళలో చెయ్యి పెట్టి గీతలు గీస్తున్న కూతురు. ఇన్నేళ్ళలో ఈ నీళ్ళను ఇట్లా, చేతుల్లో ఏమీ లేకుండా, ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏమాయ? కిరసనాయిలు అయిపోయిందా?" అంటూ కదిరప్ప లేవబోయాడు.

"లేదు మామా. నేనే నిలిపినాను."

"ఎందుకు?"

"ఊరికే" అంది గంగక్క.