ఎర్ర టేపు ముక్క

“‘నెమ్మదిగా పరిగెత్తింది’ అంటే ఎవడు చదువుతాడు? ‘అంత ఒళ్లేసుకుని పరుగేమిటి’ అని కొట్టు,” అన్నాడు మొగుడు, సోఫాలో వెల్లకిలా పడుకుని.

ఆమె కొట్టలేదు. ఒళ్లో లాప్‌టాప్, పక్కన మడత పెట్టాల్సిన బట్టల గుట్ట. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ఇదే వరస. ఆయన చెబుతాడు, ఆమె టైపు చేస్తూ ముళ్లన్నీ ఏరేస్తుంది. సోమవారం పేపర్లో ఆయన ఫొటో పక్కన ఆటల కాలమ్ వస్తుంది. చదివినవాళ్లు “మీ ఆయనది ఎంత మెత్తటి మనసమ్మా” అంటారు. ఆ మెత్తదనం ఎవరిదో ఆమె ఏనాడూ చెప్పలేదు. చెప్పినా ఏం లాభం? “కూర్చుని చేసేది కూడా ఒక పనేనా” అని అత్తగారు ఎప్పుడో తేల్చేశారు.

ఈ వారం వంతు ఒక బడిపిల్లది. పదహారేళ్లు. నిన్న బడుల మధ్య జరిగిన రిలే పరుగులో ఆఖరి వంతు తీసుకుంటూ బేటన్ కర్ర జారవిడిచింది. ఊళ్లో ఏ ఫోను చూసినా ఆ వీడియోనే, ఆ నవ్వులే. కాలమ్ అయిదింటికల్లా చేరాలి. నాలుగున్నరైంది.

“ఆ వీడియో ఇంకోసారి చూపించండి.”

ఆయన విసుగ్గా ఫోను అందించాడు. ఆమె రెండుసార్లు చూసి, మూడోసారి మధ్యలో ఆపింది. నేల మీద ఎర్ర టేపు ముక్క.

“నిన్న పొద్దున కోచ్ మూడో పిల్లని మార్చాడన్నారు కదా?”

“జ్వరమట. ఇంకో పిల్లని దింపాడు. అయితే?”

“వెనకనుంచి వచ్చే పిల్ల ఆ టేపు దాటగానే ముందున్న పిల్ల బయల్దేరాలి, వెనక్కి చూడకుండా. వచ్చే పిల్ల వేగాన్ని బట్టి అడుగుకి అడుగు ఆనించి కొలిచి అతికిస్తారు దాన్ని. కొత్త పిల్ల నిదానం. టేపుని ఈ పిల్లకి దగ్గరగా జరపాలి, ఎవరూ జరపలేదు. ఈ పిల్ల నేర్పినట్టే టేపు చూసి దూకింది. బేటన్ అందక ఆగి వెనక్కి తిరిగింది. ఆ తప్పు పిల్లది కాదండీ.”

“కోచ్ నాకు పాతికేళ్ల స్నేహితుడు. అయినా ఆటలోకి దిగాక పిల్లైనా నాలుగు మాటలు పడాలి. విమర్శ లేకపోతే ఆటెలా బాగుపడుతుంది?”

“వద్దన్నానా? జీతం తీసుకునేవాణ్ణి అనండి. పక్కపిల్లని తోసేసి గెలిచుంటే, పదహారేళ్లదైనా ఆ తోసిన మాట రాయండి. ఒంటి గురించి మాటెందుకు? అత్త మీద కోపం దుత్త మీద చూపించడం కాదూ?”

“నీకింకా ఆ గోనెసంచి బాధ పోలేదోయ్,” అని నవ్వి, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు. “చెప్పింది కొట్టి పంపేయ్.”

పోలేదు. ఎందుకు పోవాలి? ఆ పిల్ల వయసులోనే ఆమె హర్డిల్స్ పరుగులో ఆఖరి అడ్డుకర్ర తగిలి పడింది. “జింకలా వచ్చి గోనెసంచిలా పడింది” అని ఎవరో పెద్దమనిషి పేపర్లో రాశాడు. ఆయనకదొక వాక్యం. ఆమెకి బడి మానేదాకా అదే పేరు. నాన్న ఆమె బూట్లు తీసి అటక మీద పడేశాడు. పెళ్లయ్యాక మొగుడు ఆ మాట ఆమె అన్నయ్య దగ్గర సంపాదించి, స్నేహితులొచ్చినప్పుడల్లా “మా గోనెసంచి టీ తెస్తుంది” అనేవాడు. ఆమె తెచ్చేది, నవ్వుతూ కూడా. ఇప్పుడు కూడా ఎప్పటిలాగే ‘ఒళ్లు’ తీసేసి ‘అలసట’ అని పెట్టొచ్చు. ఆయన మళ్లీ దయగలవాడవుతాడు, నింద మాత్రం పిల్ల మీదే ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఆయన మాటలు కడిగి కడిగి, ఆయనకి మంచివాడు కావాల్సిన అవసరమే లేకుండా చేసింది తనే. ఆ సంగతి తట్టేసరికి ఆమెకి తన మీదే ఒళ్లు మండింది.

కోచ్‌కి ఫోన్ చేసింది. “టేపు జరిపించారా అండీ?” అవతల ఆయన గొంతు తగ్గించాడు. “హడావుడిలో... మర్చిపోయానమ్మా.”

“ఆ మాట రాస్తున్నాను,” అని చెప్పి పెట్టేసింది.

కొత్త పేజీ తెరిచింది. కోచ్ పేరు రాసింది, ఆయన మరిచిన పని రాసింది, ఆయన ఒప్పుకున్నాడని కూడా రాసింది. పిల్ల పేరు ఎక్కడా లేదు. అడుగున మొట్టమొదటిసారి తన పేరు కొట్టి, అయిదుకి మూడు నిమిషాలుండగా ఎడిటర్‌కి పంపేసింది.

“పంపావా?” తల తుడుచుకుంటూ వచ్చాడు మొగుడు.

“నాది పంపాను. మీరు చెప్పింది మీరే కొట్టుకోండి.”

ఆయన వంగి తెర మీదది చదివాడు. కింద పేరు దాకా వచ్చి ఆగిపోయాడు.

“నువ్వా? నీకేం తెలుసని? ఎడిటర్ వేశాడే అనుకో, రేపు ఊరంతా నిన్నెన్ని మాటలంటుందో తెలుసా?”

“అననివ్వండి,” అంది ఆమె. “నాకు పదహారు కాదు, నలభై రెండేళ్లు.”