బాపు ఫోటోకు తగిన కెమెరా

మా ఆయన సిద్ధార్థకు జేబులో పట్టేంత చిన్న కెమెరా కావాలి. కానీ దాంట్లో ప్రతిదీ ఆయనే చేత్తో తిప్పాలి. వెలుగెంత రావాలో, షట్టరు ఎంతసేపు తెరుచుకోవాలో కెమెరా సొంతంగా నిర్ణయిస్తే ఆయనకు నామోషీ. ఆదిభట్లలో ఉద్యోగం. కంపెనీ బస్సు వచ్చినప్పుడు ఎక్కుతాడు, దింపినచోట దిగుతాడు. గ్యాసు సిలిండరు బుక్ చేయాలన్నా నన్నే అడుగుతాడు. కెమెరా మీద మాత్రం సంపూర్ణ అధికారం కావాలి.

అసలు అవసరం మా మామ గోపయ్యది. కొంగరకలాన్ దగ్గరి మా పొలం ప్లాట్లయిపోయింది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక కొట్టంలో ఉన్న జత ఎడ్లకు ఇక పని లేదు. అమ్మేద్దామంటే మామ ఒక షరతు పెట్టాడు.

"ఎడ్లతోని నాదొక మంచి ఫోటో తియ్యుర్రి. ఫోన్ల గాదు, కెమెరాల. అది గోడకు పెట్టినంక తోలుకపొమ్మనుర్రి."

రోజూ పెండ ఎత్తేది నేనే కాబట్టి అందరికంటే ఎక్కువ సంబరపడిందీ నేనే. కెమెరా కొనడం ఎంతసేపు అనుకున్నాను. నా అమాయకత్వానికి ఓ దండం.

ఒకదానికి లెన్సు మంచిదట, కానీ చుట్టూ తిప్పే రింగు లేదట. ఇంకోదానికి రింగు ఉందట, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదట. రెండూ ఉన్నది జేబులో పట్టదట. "జేబుల పట్టకపోతె అది కాంపాక్టా?" అని నన్ను నిలదీశాడు, నేనే తయారుచేసినట్టు. రోజూ అన్నాలు తిన్నాక టీవీలో రివ్యూలు. ఎవరో పెద్దమనిషి ఒక చాయ్ కప్పును అరగంట ఫోటో తీస్తాడు, ఈయన నోరు తెరుచుకుని చూస్తాడు.

"ఆటోల పెట్టి తీస్తె ఫోటో రాదా?" అన్నానొకసారి. శ్రావణ శనివారం కోడి కోస్తానన్నట్టు చూశాడు.

చోద్యమేమిటంటే, వార్తలు కూడా చూడని మామ వచ్చి పక్కన కుర్చీ వేసుకోవడం మొదలుపెట్టాడు.

"గిదాంట్ల ఏం తక్కువున్నది బిడ్డా?"

"చీకట్ల తీస్తె ఫోటో చుక్కలు చుక్కలుగ వస్తది బాపు."

"అయితె వద్దు. ఇంకోటి చూడు. తొందరేమున్నది?"

తండ్రీకొడుకులిద్దరికీ ఒకేసారి పిచ్చి పట్టిందనుకున్నాను.

మా దిక్కు ఎడ్లను అమ్మితే వాటి తాళ్లు ఇవ్వరు. కొనేవాడే తెచ్చుకోవాలి. బేరం కుదుర్చుకున్న యాచారం శివయ్య అలా కొత్త తాళ్లు భుజానేసుకుని రావడం, "కెమెరా ఇంక కొనలే" అంటే ఉత్త చేతులతో తిరిగిపోవడం మామూలైపోయింది.

మొన్న ఆదివారం శివయ్య అరుగు మీద కూర్చుని ఉండగా లోపల్నుంచి మా ఆయన కేక పెట్టాడు.

"దొరికింది! రింగున్నది, వ్యూఫైండరున్నది, జేబుల పడ్తది. ఫుల్ మాన్యువల్! ఏం తక్కువ లేదు బాపు. ఇప్పుడు ఆర్డర్ పెడ్తె రేపే వస్తది."

మామ "అవునా" అని మాత్రం అన్నాడు. లేచి కొట్టంలోకి పోయాడు. చాయ్ ఇద్దామని వెనకాలే వెళ్లాను. తెల్ల ఎద్దు మెడ కింద గోకుతూ నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు.

"ఫోటో రాంగనె పోతయి గదా బిడ్డా," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ ఆయన ఏ కెమెరాలోనైనా లోపం దొరికితే చాలని పక్కన కూర్చున్నాడు. చాయ్ గ్లాసు అక్కడే పెట్టి ఇంట్లోకి ఉరికాను. మా ఆయన వేలు ఆర్డర్ బటన్ మీదుంది.

"ఆగు! కొట్టంల మస్తు దుమ్ము. లెన్సు సందుల్లకెల్లి లోపలికి పోతె ఎట్ల?"

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. పెళ్లయ్యాక నా మాట అంత శ్రద్ధగా విన్నది అదే మొదలు. "అవ్, గది చూడనేలేదు," అని మళ్లీ మొదట్నుంచి వెతకడం మొదలుపెట్టాడు. ముఖం వెలిగిపోతోంది.

నేను అరుగు మీదికి వచ్చాను.

"శివయ్యన్నా, నువ్వింక రాకు. మా ఆయనకు కెమెరా దొరకది."