ఆర్వో టోపీకి గుచ్చని ఎర

మా ఆవిరి స్నానాల గది తలుపు పక్కన ఒక మేకుంది. దానికి మా మామగారు చేపల వేటకి పెట్టుకునే టోపీ వేలాడుతుంటుంది. టోపీ అంచుకి ఆయన చివరిసారి గాలానికి వెంట్రుకలు చుట్టి కట్టిన ఉత్తుత్తి ఎర గుచ్చి ఉంటుంది. ఈ ఇంటి మగవాళ్ల పద్ధతి అది. చేతులు ఇక సాగవనుకున్నప్పుడు ఆఖరి ఎర ఒకటి కట్టి, చేతనైతే ఒక్కసారి ఏట్లో వేసి, టోపీకి గుచ్చి, మేకుకి తగిలించేస్తారు. ఆ తర్వాత ఏటి మొహం చూడరు. మామగారు టోపీ తగిలించి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ మంచు పడే లోపే పోయారు.

మే నెలలో ఒక శనివారం పొద్దున మా ఆయన ఆర్వో కాఫీ కప్పు దించి, "హిల్యా, నా టోపీ ఎక్కడ పెట్టావే?" అన్నాడు. క్రిస్మస్ ముందు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి, కాలు కూడా పట్టుతప్పినప్పటి నుంచీ ఈ మాట ఎప్పుడంటాడోనని భయపడుతూనే ఉన్నాను.

"ఇప్పుడెందుకు టోపీ?"

"ఒక స్కల్పిన్ కడతాను. నువ్వు వెంట్రుకలు పట్టుకుంటే చాలు. ఇంకో మేకు కూడా వెతికి పెట్టు."

"మేకు నువ్వే వెతుక్కో," అన్నాను. నాకు ఏడుపొచ్చే ముందు కోపం వస్తుంది.

స్కల్పిన్ అంటే మా ఏటి అడుగున రాళ్ల సందుల్లో బతికే వేలెడంత చేప. సగం ఒళ్లు తలే. సరిగా ఈదలేదు, రాయి మీంచి రాయి మీదకి గెంతుతుంది. ట్రౌట్, పైక్ లాంటి పెద్ద చేపలకి అదంటే ప్రాణం. దాని నకలు కట్టడంలో కష్టమంతా తల దగ్గరే ఉంది. జింక వెంట్రుకల కుచ్చుని గాలం మీద పెట్టి, దారం వదులుగా చుట్టి, ఒక్కసారి లాగి బిగించాలి. సరిగ్గా అప్పుడే కుచ్చుని వదిలేస్తే వెంట్రుకలు విచ్చుకుని గాలం చుట్టూ తిరుగుతాయి. అలా కుచ్చు వెనక కుచ్చు కూరి, చివర్లో బ్లేడుతో తలలా చెక్కుతారు.

ఆర్వో ఎడమచేత్తో దారం లాగాడు. నేను కుచ్చుని వదల్లేదు. వెంట్రుకలన్నీ ఒక పక్కకే ఉండిపోయి రెండో పక్క బట్టతలైంది.

"వదలవే! అదేమన్నా నీ మొగుడా, అంత గట్టిగా పట్టుకున్నావు?"

"మొగుణ్ణయితే ఎప్పుడో వదిలేసేదాన్ని," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వదిలాను.

బ్లేడు మాత్రం నాకివ్వలేదు. ఎడమచేత్తో తనే చెక్కాడు. ఒక బుగ్గ పెద్దదీ ఒక బుగ్గ చిన్నదీ అయ్యాయి.

"అచ్చం మీ చెల్లెలి మొహం," అన్నాను.

"పోనీలే, ఆఖరిదేగా," అంటూ టోపీ అందుకున్నాడు.

"ఆగు. నీళ్లు తగలని ఎరని మేకుకి ఎక్కిస్తావా? మీ నాన్నది చూడు, దాని నిండా పంటిగాట్లే."

"సరే, ఒక్కసారి. నువ్వే విసురు," అన్నాడు.

ఏరు సరస్సులో కలిసే చోట, నాచు పెరిగిన మడుగు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాను. టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. అక్కడుండేవి పైక్‌లు. వాటి పళ్లకి గాలపు తాడు ఆగదు. అందుకే ఎరకీ తాడుకీ మధ్య ఉక్కుతీగ ముక్క కడతారు. పెళ్లయినప్పటి నుంచీ ఆ తీగలు మెలిపెట్టి ఇచ్చేది నేనే. ఆ రోజు కూడా అవి నా కోటు జేబులోనే ఉన్నాయి. నేను వాటిని ముట్టుకోలేదు. ఆర్వోకి వీపు పెట్టి ఎరని నేరుగా తాడుకే ముడేశాను.

విసిరాను. మునగనిచ్చి, అడుగున గెంతుతున్నట్టు చిన్నచిన్నగా లాగాను. నీళ్లు ఒక్కసారిగా ఉబ్బాయి. గాలపు కర్ర వంగిపోయింది.

"కర్ర ఎత్తవే! ఎత్తు! దాన్ని నాచులోకి పోనీకు!" ఆర్వో అరుస్తున్నాడు. చూస్తే కుర్చీలో లేడు. నా సాయం లేకుండా లేచి నిలబడ్డాడు, టోపీ కింద పడి ఉంది.

అంతలో తాడు తేలికైపోయింది. వట్టి తాడు చుట్టుకుంటూ వచ్చాను. ఆర్వో దాని కొస వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. తర్వాత నా జేబులోంచి పైకి పొడుచుకొచ్చిన తీగల్ని చూశాడు.

"తీగ కట్టలేదా?"

"మర్చిపోయాను."

"నువ్వా?"

ఇక నా వల్ల కాలేదు. "ఆ టోపీని మేకు మీద చూడలేను ఆర్వో. నువ్వు మీ నాన్నలా కిటికీ పక్కన కూర్చుంటే నేను బతకలేను. తిట్టుకో, నీ ఇష్టం," అని ఏడ్చేశాను.

అతను తిట్టలేదు. మడుగు వైపు తిరిగాడు. అతని ఆఖరి ఎర ఆ నీళ్లలో ఎక్కడో ఒక పైక్ నోట్లో ఉంది. టోపీకి గుచ్చడానికి మరేమీ లేదు.

"దాని ఎడమ బుగ్గ మరీ పెద్దదైపోయింది," అన్నాడు. "ఇంకాస్త చెక్కాల్సింది."

వంగి టోపీ తీసుకుని, ఎడమచేత్తో వంకరగా తలమీద పెట్టుకున్నాడు.

"జింక వెంట్రుకలు మిగిలాయా?"

"తోలు తోలంతా ఉంది."

"అయితే పద. ఈసారన్నా తీగ కట్టు."

"అది అప్పుడు చూద్దాంలే," అన్నాను.